తోక నంబర్ల నోటుబుక్కు

మా అమ్మకి విమానాల పిచ్చి. ఎక్కే పిచ్చి కాదు, చూసే పిచ్చి. ఎప్పుడైనా ఎక్కాలని లేదా అని ఎవరైనా అడిగితే, "లోపల కూర్చున్నాక దాని నంబరు ఎలా కనబడుతుందండీ?" అని తిరిగి వాళ్లనే అడిగేది. వాళ్లు నవ్వాలో ఊరుకోవాలో తెలియక నా వంక చూసేవాళ్లు. అమ్మ అన్నదాంట్లో వింతేముందో తెలియక నేను వాళ్ల వంక చూసేదాన్ని. అప్పుడు నాకు పన్నెండేళ్లు. అమ్మ ఏదంటే అదే సబబు.

మా ఇంటి నుంచి పావుగంట నడిస్తే ఒక చిన్న విమానాల మైదానం ఉండేది. పెద్ద విమానాలు అక్కడ దిగవు. ఉత్తరాల మూటలు తెచ్చేది ఒకటి, పొలాల మీద మందు చల్లేవి మూడు, నేర్చుకునేవాళ్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిప్పే బుల్లి విమానాలు కొన్ని. ఎప్పుడో నెలకోసారి దారితప్పినట్టు ఒక పరాయిది వచ్చేది. వాటి కోసమే అమ్మ రోజూ వెళ్లేది. బడిపిల్లల యూనిఫారాలు కుడుతూ పొద్దున్న మిషను మీద వంచిన తల సాయంత్రం నాలుగున్నరకి ఎత్తేది. దారం తెంపి, మిషను మీద గుడ్డ కప్పి, చెప్పులేసుకుని, "వస్తావా?" అనేది. ఆ ఒక్క మాట కోసం నేను మూడింటి నుంచే చెప్పులు తొడుక్కుని గడపలో కూర్చునేదాన్ని. వెళ్లి రావడానికి అంతా కలిపి రెండు గంటలు. రోజు మొత్తంలో అమ్మది అని చెప్పుకోవడానికి ఉన్నవి ఆ రెండు గంటలే. మిగిలినవన్నీ మేం పంచుకున్నాం.

చూసిన ప్రతి విమానాన్నీ అమ్మ ఒక పొడుగాటి నోటుబుక్కులో రాసేది. తేదీ, సమయం, తోక మీది నంబరు, సాక్షి. నాలుగు గళ్లు. అమ్మ పట్టుదలంతా ఆ నాలుగో గడి దగ్గరే. ఒక్కరు చూస్తే చూసినట్టు కాదట. అంకెలు అలా పరిగెడుతుంటే కన్ను చూసినదాని కంటే మనసు కోరుకున్నదే ఎక్కువ చదువుతుందట. అందుకని విమానం చక్రాలు నేలకి తగలగానే అమ్మ తన ఎడమ అరచేతిలో పెన్నుతో నంబరు రాసుకుని పిడికిలి మూసేసేది. అప్పుడు నేను నాకు కనిపించిన నంబరు పైకి చెప్పాలి. చెప్పాక అమ్మ పిడికిలి విప్పేది. రెండూ కలిస్తే పుస్తకంలోకి ఎక్కేది, పక్కన నా పొట్టి సంతకం పడేది. కలవకపోతే ఆ విమానం రానట్టే. అది ఎంత అపురూపమైనదైనా సరే, అమ్మ సీసాలో నీళ్లు ఒంపుకుని చెయ్యి కడిగేసుకునేది.

"దీని కళ్లు గద్ద కళ్లండీ" అని గడియారాలాయనతో గర్వంగా చెప్పేది. "నేను ఇంకా చుక్కలా చూస్తుంటే ఇది నంబరు చదివేస్తుంది."

గడియారాలాయన అంటే బజారులో మేడమెట్ల కింద గడియారాలు బాగుచేసే మనిషి. పొద్దస్తమానం గడియారాల కడుపుల్లోకి చూస్తే కళ్లు పోతాయి, సాయంత్రం కాసేపు దూరం చూడు అని ఏ డాక్టరో చెప్పాడట. దూరం చూడ్డానికి ఆ ఊళ్లో అంతకంటే ఖాళీ జాగా లేదు, అలా వచ్చి అలవాటుపడ్డాడు. నాన్న ఈడువాడు, ఒంటరి మనిషి. మాట పొదుపు. సమయం చెప్పడం ఆయన పని. "ఎంతయిందండీ?" అని అమ్మ అడిగితే, "అయిదూ పదకొండు... ఉండండి, పన్నెండు" అనేవాడు. సుమారుగా అయిదుంపావు అనమంటే ఆయన ప్రాణం పోయేది.

ఆ ఏడు వేసవి మొదట్లోనే మైదానం గేటుకి ఒక బోర్డు కట్టారు. వానలు మొదలయ్యాక ఇక్కడికి విమానాలు రావు, స్థలాన్ని గిడ్డంగులకి ఇచ్చేస్తున్నారు అని. అమ్మ ఆ బోర్డును రెండుసార్లు చదివింది. "అయితే ఈ ఒక్క వేసవే మనకి" అంది. తర్వాత నా వైపు తిరిగి, "ఒక్కరోజు కూడా మానొద్దు మనం, సరేనా?" అంది. సరేనన్నాను.

సెలవుల్లో రెండో వారం అనుకుంటాను, అంకెలు నాకు అలుక్కుపోవడం మొదలైంది. మొదట ఎండవల్లేమో అనుకున్నాను. ఆరు ఎనిమిదిలా ఉండేది, ఎనిమిది మూడులా ఉండేది, తర్వాత అన్నీ కలిసి తోక మీద ఎవరో తడిబట్టతో తుడిచినట్టు ఉండేవి. రోజూ వచ్చే విమానాలతో చిక్కులేదు, వాటి రంగులు తెలుసు, నంబర్లు నోటికొచ్చు. కళ్లు చికిలించి రంగు పట్టుకుని నంబరు చెప్పేసేదాన్ని. అమ్మ పిడికిలి విప్పేది, కలిసేది. ఎవరికీ ఏమీ తెలియలేదు. కానీ ఒకరోజు ఒక వెండిరంగు పరాయి విమానం దిగింది. అమ్మ మూడేళ్లుగా ఎదురుచూస్తున్న రకం. లేచి నిలబడిపోయింది. అరచేతిలో రాసుకుని పిడికిలి మూసి, ఊపిరి బిగబట్టి, "చెప్పు!" అంది.

నాకు ఒక్క అంకె కనబడలేదు. నోటికొచ్చిన మూడు అంకెలు చెప్పాను. అమ్మ పిడికిలి విప్పి తన అరచేతి వంక చూసుకుంది. నీళ్ల సీసా తీసి మెల్లగా చెయ్యి కడుక్కుంది. మూడేళ్ల ఎదురుచూపు అలా వేళ్ల సందుల్లోంచి గడ్డిలోకి కారిపోయింది. గడియారాలాయన ఆ రోజు రాలేదు, లేకపోతే ఆయన చెప్పేవాడు.

"నిద్ర సరిపోవట్లేదా తల్లీ?" అని దారిలో అడిగింది.

నాకు కనబడటం లేదమ్మా అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ మాట అంటే ఇక నన్ను "వస్తావా?" అని పిలవదేమో అని భయం వేసింది. కళ్లే కదా నేను ఆమెకి పనికొచ్చేది. అవి లేకపోతే ఇంట్లో కూర్చోమంటుంది. అందుకని ముఖం ముడుచుకుని, "విసుగ్గా ఉందమ్మా. ఎప్పుడూ అవే విమానాలు. రేపట్నుంచి గడియారాలాయన్ని చెప్పమను, నేను ఊరికే పక్కన కూర్చుంటా" అన్నాను.

అమ్మ నీళ్ల సీసా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "సరేలే" అంది. ఆ "సరేలే"లో ఎంత నొచ్చుకుందో నాకు తెలుసు. అయినా ఊరుకున్నాను.

మర్నాటి నుంచి నాలుగో గడిలో గడియారాలాయన సంతకం పడింది. ఏటవాలుగా, పొందిగ్గా, చివర చిన్న సున్నా చుట్టి. నేను వాళ్ల కాళ్ల దగ్గరే చాప మీద వెల్లకిలా పడుకుని, నా మీదుగా పోయే మరకల్ని చూస్తూ ఉండేదాన్ని. ఒక్కరోజు మానలేదు.

సరిగ్గా అప్పుడే మా మేనత్త దిగింది. నాన్నకి అక్క. మోకాలికి వైద్యం చేయించుకోవడానికి వచ్చింది. చెడ్డ మనిషి కాదు, పనిలేని మనిషి. ముందుగదిలో కుర్చీ వేసుకుని కూర్చుని, వీధిలో పోయేవాళ్ల కాళ్లకి ఏ చెప్పులున్నాయో కూడా సాయంత్రానికి అప్పజెప్పేది. అమ్మ రోజూ నాలుగున్నరకి బయల్దేరడం ఆమెకి కొరుకుడు పడలేదు.

"విమానాలేంటమ్మా ఆడదానికి?" అని ఒకసారి అంది.

"మగవాళ్లు చూస్తే మాత్రం ఏమొస్తుంది వదినా?" అంది అమ్మ నవ్వుతూ.

వారం తర్వాత అత్తయ్య డాక్టరు దగ్గర్నుంచి ఆటోలో మైదానం పక్క రోడ్డు మీదుగా వచ్చింది. ఆటో చప్పుడు నాకు వినబడింది. ఎవరో అనుకుని లేవలేదు. మోకాలెత్తు గడ్డి వెనక చాప మీద పడుకున్న నేను రోడ్డుకి కనబడను. కనబడేది నిలబడ్డ ఇద్దరే. ఆయన నంబరు చెప్పాడు, అమ్మ పిడికిలి విప్పి చెయ్యి ఆయన ముందుకి చాపింది, ఆయన వంగి చూశాడు, నంబరు కలిసింది, ఇద్దరూ నవ్వారు. అత్తయ్య చూసింది అంత మాత్రమే. అబద్ధం ఒక్క ముక్క లేదు.

"అరచెయ్యి చాపి చూపిస్తోందిరా తమ్ముడూ" అంది ఆ సాయంత్రం నాన్నతో. "ఆయన వంగి చూస్తున్నాడు. చెయ్యి చూసి జాతకం చెబుతున్నాడేమో మరి, నాకేం తెలుసు!"

నాన్న రిజిస్ట్రారాఫీసు ఎదురుగా రేకుల పంచలో కూర్చుని దస్తావేజులు రాసేవాడు. ఆయన రాసిన కాగితం కోర్టుకెక్కలేదని ఊళ్లో పేరు. కోపిష్టి కాదు. అక్క మాట విని కేకలేసే రకం అసలే కాదు. కాగితం ఏం చెబుతుందో చూసే రకం. లేచి వెళ్లి మిషను సొరుగులోంచి నోటుబుక్కు తీసుకొచ్చి, దీపం కింద పెట్టుకుని, అమ్ముడుపోయే ఇంటి కాగితాలు చదివినట్టు మొదటి పేజీ నుంచి చదివాడు. అమ్మ వంటగదిలో గిన్నెలు సర్దుతోంది. అత్తయ్య మోకాలికి నూనె రాసుకుంటోంది. నన్ను పిలిచాడు.

"ఇక్కడిదాకా నీ సంతకం ఉంది" అన్నాడు, వేలు పెట్టి చూపిస్తూ. "ఇక్కణ్ణుంచి లేదు. వేరేవాళ్లది ఉంది. ఎవరిది?"

"గడియారాలాయనది."

"మధ్యలో సాక్షి ఎందుకు మారాడు?"

ఆయన అనుమానమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. దస్తావేజులో సగం దాకా ఒక సాక్షి, సగం నుంచి ఇంకో సాక్షి ఉంటే దాని వెనక ఏదో ఉన్నట్టే. ఇరవై ఏళ్లుగా నాన్న తిన్న అన్నం ఆ తెలివిది. అమ్మ కంచాలు పట్టుకుని వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నువ్వు రోజూ అమ్మతో వెళ్తున్నావుగా. పక్కనే ఉండి సంతకం ఎందుకు పెట్టలేదు?"

పక్కనే ఉన్నానంటే, మరి ఎందుకు పెట్టలేదంటాడు. కనబడలేదంటే అమ్మ ఇక్కడే వింటోంది. నేను ఇన్నాళ్లుగా దాచింది, ఆ వెండిరంగు విమానం ఎలా పోయిందో, అంతా బయటపడుతుంది. నాన్న నా మీద కోప్పడకుండా, అమ్మ నన్ను ఇంట్లో వదిలెయ్యకుండా ఉండే మాట ఒకటి కావాలి. పిల్లల తెలివి ఎంతవరకు పోతుందో అంతవరకే పోయింది.

"నేను పక్కన ఉండేదాన్ని కాదు నాన్నా" అన్నాను. "అటు విమానాల షెడ్డు వెనక ఆడుకునేదాన్ని. వేరే పిల్లలతో."

"రోజూనా?"

"రోజూ."

తలెత్తితే అమ్మ నన్నే చూస్తోంది. చాప పరిచింది తను. నా తల కింద తన పైట చెంగు మడిచి పెట్టింది తను. నోరు తెరిచింది, ఏదో అనబోయింది. నా ముఖంలో ఏం కనిపించిందో, మానేసింది.

"అన్నం చల్లారిపోతోంది, లేవండి" అంది.

అంతే. కంచం కింద పడలేదు. నాన్న నోటుబుక్కు మూసి తన దస్తావేజుల పెట్టెలో పెట్టి తాళం వేశాడు. అందరం కూర్చుని భోంచేశాం. అత్తయ్య రెండోసారి వడ్డించుకుంది.

మర్నాడు నాన్న బజారుకెళ్లి, బాగుచెయ్యమని ఇచ్చిన తన చేతిగడియారాన్ని వెనక్కి అడిగాడట. "నీ చెయ్యి పడిన వస్తువు మా ఇంట్లో ఉండక్కర్లేదు" అన్నాడట అయిదుగురి ముందు. ఇంకో మాట కూడా అన్నాడని, అది పిల్లల ముందు చెప్పేది కాదని అత్తయ్య నాకే చెప్పింది. గడియారాలాయన దాన్ని తుడిచి, టైము సరిచేసి మరీ ఇచ్చాడట.

ఆ రోజు నాలుగున్నర అయింది. నేను చెప్పులేసుకుని గడపలో కూర్చున్నాను. మిషను ఆగలేదు. అయిదయింది. ఆరయింది. వెళ్లొద్దని నాన్న అనలేదు, అనాల్సిన పనీ లేకపోయింది. ఇంటి మీదుగా ఏదైనా విమానం పోతే అమ్మ లేచి కిటికీ మూసేది. "దుమ్ము" అనేది. గాలి కూడా ఆడని ఆ ఎండల్లో ఎక్కడి దుమ్మో!

వాళ్లిద్దరి మధ్య మాటలు నా ద్వారా నడిచాయి. "నాన్నని భోజనానికి రమ్మను." "గుండీ ఊడింది, అమ్మకివ్వు." ఒకే గదిలో ఉండి, నేను మధ్యలో నిలబడి, ఇటు విన్నది అటు చెప్పేదాన్ని. రోజూ పొద్దున్నే ఈ రోజు చెప్పేస్తాను అనుకునేదాన్ని. నాన్న కండువా వేసుకుని బయటికి వెళ్లేవాడు, సాయంత్రం చెబుదాంలే అనుకునేదాన్ని. సాయంత్రం అమ్మ ముఖం చూస్తే నోరు పెగిలేది కాదు. ఒక్కసారైనా "ఎందుకలా చెప్పావు?" అని అమ్మ నన్ను నిలదీస్తుందని ఎదురుచూశాను. అడగలేదు. తల దువ్వేది, జడ వేసేది, అన్నం పెట్టేది. ఆ అడగకపోవడంతో నేను కుమిలిపోయాను.

బడి తెరిచారు. మొదటి వారంలోనే టీచరు చీటీ రాసిచ్చింది, పిల్లకి బోర్డు ఆనడం లేదని. నాన్నే తీసుకెళ్లాడు. కళ్లజోళ్ల దుకాణంలో డాక్టరు నా ముక్కు మీద ఇనప చట్రం పెట్టి అద్దాలు మారుస్తూ పోయాడు. ఎదురుగా గోడ మీద అక్షరాలు ఒక్కొక్కటే నిద్రలేచాయి.

"ఎన్నాళ్లయిందమ్మా ఇలా?" అని అడిగాడు. నేను తల దించుకుంటే నాన్నకి చెప్పాడు. "ఇది ఈ వారం సంగతి కాదండీ. వేసవి మొదట్నుంచీ ఉండి ఉండాలి. పదడుగుల అవతల అంకె ఉందంటే ఈ పిల్లకి అది గీతే."

నాన్న బయటికొచ్చి నాలుగడుగులు వేశాడు. ఆగిపోయాడు. కాగితాలు చదివే మనిషి, లెక్క కుదరడానికి ఎంతసేపు కావాలి? నా వైపు తిరక్కుండానే అడిగాడు.

"అంకెలు కనబడక సంతకం పెట్టలేదా?"

"ఊఁ."

"షెడ్డు వెనక ఆడుకున్నానన్నావు?"

"లేదు నాన్నా. పక్కనే ఉన్నా. చాప మీద. రోజూ." అక్కడితో నాకు ఏడుపు ఆగలేదు. దారిన పోయేవాళ్లు చూస్తున్నారు. నాన్న నన్ను కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆయన నా చెయ్యి పట్టుకుని ఇంటివైపు కాకుండా బజారువైపు తీసుకెళ్లాడు.

మేడమెట్ల కింద కొట్టు మూసి ఉంది. పక్కన గొడుగులు బాగుచేసే అతను మమ్మల్ని చూసి, "ఖాళీ చేసేశాడండీ, పదిరోజులైంది" అన్నాడు. "ఎక్కడికని అడిగితే చెప్పలేదు. ఎవరెవరి గడియారాలు వాళ్లకి ఇళ్లకెళ్లి మరీ ఇచ్చి పోయాడు." నాన్న ఆ తాళాన్ని చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు, గట్టిగా లాగితే లోపల్నుంచి ఎవరైనా తీస్తారేమో అన్నట్టు.

ఇంటికొచ్చాక నేనే ముందు అమ్మ దగ్గరికి వెళ్లాను. కొత్త కళ్లజోడు ముక్కు మీంచి జారుతుంటే ఎక్కిళ్ల మధ్య అంతా చెప్పాను. కళ్ల సంగతి, వెండిరంగు విమానం సంగతి, ఎందుకు విసుగన్నానో, ఎందుకు షెడ్డు వెనక అన్నానో. అమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది.

"రోజూ పక్కన కూర్చోబెట్టుకుని కూడా చూసుకోలేదే నేను" అంది. "ఎంతసేపూ పైకే చూశాను." తప్పు తన మీదే వేసుకుంది. అది నాకు దెబ్బల కంటే ఎక్కువైంది.

నాన్న పెట్టె తాళం తీసి, నోటుబుక్కు తెచ్చి మిషను మీద పెట్టాడు. నెల తర్వాత మొదటిసారి, నన్ను మధ్యలో పెట్టకుండా మాట్లాడాడు.

"రేపట్నుంచి వెళ్లు."

"ఎందుకు?" అంది అమ్మ.

"నేను పొరపాటుపడ్డాను."

"పిల్లని అడిగారు. పుస్తకాన్ని అడిగారు" అంది అమ్మ. గొంతు పెంచలేదు. "నేను అక్కడే గుమ్మంలో నిలబడి ఉన్నానండీ. నన్ను అడగలేదు."

ముందుగదిలో కుర్చీలోంచి అత్తయ్య, "నేనేమన్నానమ్మా, చూసింది చెప్పాను" అంది. ఆదివారానికి మోకాలు నయమైందని వెళ్లిపోయింది.

అమ్మ వెళ్లలేదు. నాన్న వెళ్లాడు. నవ్వొస్తుంది తలుచుకుంటే, ఏడుపూ వస్తుంది. ఆఫీసు పంచలోంచి నాలుగింటికే లేచి, కండువా సర్దుకుంటూ, నన్ను తీసుకుని మైదానం కంచె దగ్గరికొచ్చేవాడు. విమానానికీ విమానానికీ తేడా తెలియదు. "ఆ పచ్చది", "ఆ డొక్కుది" అనేవాడు. అరచేతిలో నంబరు రాసుకుని అమ్మలాగే పిడికిలి మూసేవాడు, కానీ చెమటకి సగం చెరిగిపోయేది. నేను చెప్పేదాన్ని, ఆయన పిడికిలి విప్పేవాడు, ఇద్దరం వంగి చూసేవాళ్లం. తన ముత్యాల్లాంటి దస్తావేజు చేతిరాతతో నోటుబుక్కులో రాసి, ఇంటికెళ్లాక మిషను మీద పెట్టేవాడు. అమ్మ దాన్ని తీసి పక్కన పెట్టి కుట్టుకునేది. తెరిచి చూడలేదు. మూడు వారాలు నాన్న అలా రాశాడు.

ఆఖరి రోజు ఉత్తరాల విమానం అయిదున్నరకి లేస్తుందన్నారు. దాంతో సరి. మబ్బు పట్టి ఉంది. కంచె దగ్గర పదిమంది దాకా చేరారు, ఎప్పుడూ రానివాళ్లు కూడా. అయిదయ్యేసరికి నాన్నకి నిలకడ పోయింది. అటూ ఇటూ తిరిగాడు. "అమ్మని తీసుకొద్దాం పద" అన్నాడు ఉన్నట్టుండి, నా జవాబు వినకుండా పరుగందుకున్నాడు. నాన్న పరిగెత్తడం నేను అంతకుముందు చూడలేదు. చెప్పు తెగితే తీసి చేత్తో పట్టుకుని పరిగెత్తాడు.

మేం ఇంటి గేటు దగ్గరికొచ్చేసరికే వెనక చప్పుడు మొదలైంది. చెప్పిన టైము కంటే ముందే లేపేశారు. నాన్న లోపలికి దూసుకుపోయాడు. నేను వాకిట్లో ఆగి తలెత్తాను. విమానం మా ఇంటికి సూటిగా పైనుంచి పోతోంది, ఎంత కిందుగా అంటే చక్రాల బురద కూడా కనిపించింది. తోక మీద నంబరు బలపంతో రాసినట్టు స్పష్టంగా ఉంది. కొత్త కళ్లతో దాన్ని చదువుకుని లోపలికి పరిగెత్తాను.

అమ్మ మిషను దగ్గరే ఉంది. చొక్కా జేబు కుడుతోంది. కాలు మాత్రం ఆగి ఉంది. నాన్న రొప్పుతూ నోటుబుక్కు తెరిచి పెన్ను మూత తీశాడు.

"ఆఖరిది పోయింది" అన్నాడు. "నీకు చప్పుడుతోనే తెలుసుగా ఏదో. నంబరు చెప్పు, నేను రాస్తాను. సాక్షిగా నేనే పెడతాను."

"మీరు చూశారా?" అంది అమ్మ.

"లేదు. లోపలికొచ్చేశాను."

"మరెలా పెడతారు?"

ఇరవై ఏళ్లు సాక్షుల చేత సంతకాలు పెట్టించిన మనిషి పెన్నుకి మూత పెట్టేశాడు. ఆయన ముఖం చూడలేక నేను ముందుకొచ్చాను.

"నేను చూశానమ్మా! రెండు ఒకటి తొమ్మిది. నేను చూశాను."

అమ్మ నా వైపు తిరిగింది.

"నిజంగానా?" అంది.

ఎత్తిపొడుపు కాదు. ఉత్త ప్రశ్న. అయినా ఆ మాట అమ్మ నన్ను అంతకుముందు ఎప్పుడూ అడగలేదు. పిడికిలి విప్పి సరిచూసుకునేటప్పుడు కూడా అమ్మ అనుమానం అంకె మీదే, నా మీద కాదు. అడిగాక తనకీ తెలిసినట్టుంది, చప్పున చూపు తిప్పుకుంది. "నిజంగానమ్మా" అన్నాను. తలూపి, జేబు కుట్టు పూర్తిచేసింది. బయట చినుకులు మొదలయ్యాయి. ఆ విమానాన్ని ఎవరూ రాయలేదు.

వాళ్లిద్దరూ తర్వాత కలిసే బతికారు. మాట్లాడుకున్నారు, నవ్వుకున్నారు కూడా. నాన్న పోయినప్పుడు అమ్మ చాలా ఏడ్చింది. కానీ ఇంట్లో ఆ మాట ఉండిపోయింది. పరీక్ష బాగా రాశానంటే నిజంగానా అనేది. జ్వరం తగ్గిందంటే నిజంగానా అనేది. మా ఆయన నన్ను బాగా చూసుకుంటాడని చెబితే కూడా అంతే. కోపంతో కాదు, తనకి తెలియకుండానే వచ్చేసేది. ప్రతిసారీ నాకు మళ్లీ పన్నెండేళ్లు వచ్చేవి.

కిందటేడాది ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చుని, "ఏం ఫర్వాలేదమ్మా, వచ్చే వారం ఇంటికి పంపించేస్తామన్నారు" అని చెప్పాను. డాక్టరు వరండాలో నాతో చెప్పింది అది కాదు.

"నిజంగానా?" అంది అమ్మ.

"నిజంగా" అన్నాను, అమ్మ ముట్టని కంచం వంక చూస్తూ.

అమ్మ నా ముఖంలోకి చాలాసేపు చూసింది. ఏదో అనబోయి మానేసింది. నా చేతి మీద చెయ్యి వేసి, "సరేలే" అంది. ఈసారి కూడా నన్ను కాదనలేదు.